పూసిన చెట్టు దూది ముద్దలా ఎందుకు వస్తుంది, చెట్టులా రావాలంటే ఏం చేయాలి

మీరు చెప్పిన ఇబ్బందులు మూడు: పూల చెట్టు గులాబీ రంగు దూది ముద్దలా వస్తోంది, లేత ఆకాశం ముందు తెల్లపూలు కనబడకుండా పోతున్నాయి, గడ్డి ప్లాస్టిక్‌లా కొట్టొస్తోంది. వాడేది అక్రిలిక్ (నీళ్లతో కలిపే, త్వరగా ఆరే రంగు) అన్నారు, మొదలుపెట్టి ఏడాది కాలేదన్నారు. మొదటి రెండిటికీ మూలం ఒకటే. పూలను పూల రంగుతోనే మొదలుపెడుతున్నారు. పూసిన చెట్టు బొమ్మలో అచ్చమైన తెలుపు, అచ్చమైన గులాబీ ఉండేది చివరి పదో వంతులోనే. మిగతాదంతా బూడిద, ఊదా, మాసిన నీలం కలిసిన నీడ రంగులే. ఆ నీడ కుదిరితే పైన నాలుగు చుక్కలు పెట్టినా పూలు వెలుగుతాయి. కుదరకపోతే ఎన్ని వేల చుక్కలు పెట్టినా దూదే.

ముందు టోన్ సంగతి, అంటే రంగు ఎంత ముదురు, ఎంత లేత అన్నది. ప్రకృతి దృశ్యాల్లో మామూలుగా ఒక క్రమం ఉంటుంది. ఆకాశం అన్నిటికన్నా లేత. ఎండ పడే చదును నేల దాని తర్వాత. కొండవాలు ఇంకొంచెం ముదురు. నిలువుగా నిలబడే చెట్లు అన్నిటికన్నా ముదురు. పూసిన చెట్టు ఈ క్రమాన్ని తలకిందులు చేస్తుంది. నిలువుగా ఉన్నదే అన్నిటికన్నా లేతగా కనిపిస్తుంది. ఆకుల చెట్టు చక్కగా వేసేవాళ్లు కూడా ఇక్కడ తడబడేది అందుకే.

కాబట్టి పూల వెనక ఏముందన్నది పూలకన్నా ముందు తేల్చుకోవాలి. దారులు మూడు. ఒకటి, ఆకాశాన్ని నిజంగా కనిపించేదానికన్నా ఒక మెట్టు ముదురు నీలం చేయడం. రెండు, చెట్టు తలలో సగమైనా దూరపు కొండకో, ముదురు ఆకుపచ్చ చెట్ల వరసకో ఎదురుగా పడేలా చెట్టును నిలబెట్టడం. మూడు, వెలుతురు చెట్టు వెనకనుంచి వస్తున్నట్టు వేయడం. మూడోదానిలో పూలు ఆకాశం కన్నా ముదురుగా ఉండాలి. మబ్బు పట్టిన రోజు, తెల్లపూల చెట్టును ఆకాశం నేపథ్యంగా చూడండి. పూలు బూడిద రంగులో కనిపిస్తాయి. అవి తెల్లపూలని మనకు తెలుసు కాబట్టి చేయి తెలుపు వేస్తుంది, కాన్వాస్ మీద తెలుపు తెలుపులో కలిసిపోతుంది. నేర్చుకునేవాళ్లకు రెండో దారే నయం. చెట్టు కింది సగం ముదురు కొండ ముందు లేతగా, పై సగం ఆకాశం ముందు కొంచెం ముదురుగా వస్తుంది. ఒకే చెట్టులో రెండు పాఠాలూ దొరుకుతాయి.

కాన్వాస్ ముట్టుకునే ముందు మెత్తని 4బి పెన్సిల్‌తో 5 × 7 సెంటీమీటర్ల చిన్న చిత్తు బొమ్మలు నాలుగు వేయండి. మూడే టోన్లు: కాగితం తెలుపు, నడిమి బూడిద, ముదురు. ఆ తర్వాత కాన్వాస్ మీదికి, నలుపును 1గా, తెలుపును 10గా అనుకుంటే ఈ విషయానికి దాదాపు ఇలా సరిపోతుంది: ఆకాశం 7, దూరపు కొండ 5, ఎండలో గడ్డి 6, చెట్టు కింది నీడ 4, మాను 2 నుంచి 3, పూల నీడవైపు 6, పూల వెలుగువైపు 8 నుంచి 9. 10 అనేది ఎండ నేరుగా తాకే కొద్ది రేకులకే. ఆకాశానికీ పూల నీడకీ ఒక్క మెట్టే తేడా ఉందని గమనించారా? అందుకే నీడవైపు అంచులు ఆకాశంలో కరిగిపోతాయి, వెలుగువైపు అంచులు తేలుతాయి. రెండు వైపులా అంచు గట్టిగా గీస్తే చెట్టు కత్తిరించి అతికించినట్టుంటుంది.

కూర్పు గురించి రెండు మాటలు చాలు. క్షితిజ రేఖను సరిగ్గా మధ్యలో పెట్టకండి, కిందినుంచి మూడో వంతు ఎత్తులో ఉంటే చెట్టు తలకి చోటుంటుంది. ముఖ్యమైన చెట్టు ఒక్కటే. దాని మాను ఒక పక్కనుంచి మూడో వంతు దూరంలో. మిగతా చెట్లు చిన్నవిగా, ఒకదానికొకటి ఎత్తులో, మధ్య ఖాళీలో తేడాగా. చెట్టు తల కాన్వాస్ పై అంచును దాటి బయటికి పోయినా మంచిదే.

సామాను. 12 × 16 అంగుళాల కాన్వాస్, పైన గెస్సో (కాన్వాస్‌ను రంగుకు సిద్ధం చేసే తెల్లటి పూత) రెండు పూతలు. రంగులు ఏడు: టైటానియం వైట్, అల్ట్రామెరైన్ బ్లూ, సెరూలియన్ బ్లూ, లెమన్ ఎల్లో, ఎల్లో ఓకర్, బర్న్ట్ సియెన్నా, క్వినాక్రిడోన్ రోజ్. నలుపు వద్దు. అల్ట్రామెరైన్, బర్న్ట్ సియెన్నా కలిపితే కావలసినంత ముదురు వస్తుంది, పైగా దాన్ని చల్లగా (నీలం వైపు) వెచ్చగా (ఎరుపు వైపు) తిప్పుకోవచ్చు. గులాబీ కొనేటప్పుడు ట్యూబు మీద పిగ్మెంట్ సంఖ్య (లోపల ఏ రంగుపొడి ఉందో చెప్పే గుర్తు) చూడండి. పీవీ 19 లేదా పీఆర్ 122 అయితే వెలుతురుకి నిలుస్తుంది. ఓపెరా పింక్ పేరుతో వచ్చే మెరిసే గులాబీలు త్వరగా వెలిసిపోతాయి. ఇది చిన్న విషయం కాదు. 1888 వసంతంలో ఫ్రాన్స్‌లోని ఆర్ల్‌లో డచ్ చిత్రకారుడు వాన్ గో వేసిన పూలతోటల చిత్రాల్లో అప్పటి గులాబీ రంగు చాలాచోట్ల పాలిపోయింది. ఆయన వాడిన ఎర్ర ‘లేక్’ రంగు (అద్దకపు రంగుతో చేసేది) వెలుతురుకి నిలిచేది కాదు. పూల బొమ్మలో గులాబీ పోతే బొమ్మ ఆయువే పోతుంది.

కుంచెలు: ఆకాశానికి అంగుళం వెడల్పు ఫ్లాట్, గుత్తులకు 8, 4 నంబర్ల గరుకు ఫిల్బర్ట్‌లు (కొన గుండ్రంగా ఉండే చదును కుంచెలు), మానుకు 6 నంబర్ రౌండ్, రెమ్మలకు పొడుగు వెంట్రుకల 1 నంబర్ లైనర్. అరిగిపోయిన గరుకు కుంచె ఒకటి ఉంటే పారేయకండి, ఈ పనికి కొత్తదానికన్నా అదే మేలు. ఫ్యాన్ బ్రష్‌తో, స్పాంజితో పూలు వేయడం చాలా వీడియోల్లో చూపిస్తారు. మొదట్లో వాటి జోలికి పోవద్దనే నా సలహా. ఒకే అచ్చు మళ్లీ మళ్లీ పడుతుంది, కన్ను వెంటనే పట్టేస్తుంది.

ఏ చెట్టు వేస్తున్నారో కూడా తేల్చుకోండి. ఊరికే పూల చెట్టు అనుకుంటే ఊహ దూదిలోకే పోతుంది. బాదం, పీచ్ పూలకు కాడ దాదాపు ఉండదు, రెమ్మకే అంటుకుని పూస్తాయి. అందుకే వాటి రెమ్మలు పూలు తొడిగిన కర్రల్లా ఉంటాయి. చెర్రీ పూలు పొడవాటి కాడల మీద గుత్తులుగా వేలాడతాయి, రేకు చివర చిన్న నొక్కు ఉంటుంది, బెరడు మీద అడ్డంగా గీతలుంటాయి. ఆపిల్ మొగ్గ ముదురు గులాబీ, విచ్చుకున్నాక దాదాపు తెలుపు. పూలతోపాటే లేత ఆకులూ వచ్చేస్తాయి కాబట్టి ఆపిల్ చెట్టులో ఆకుపచ్చ కలవాల్సిందే. పియర్ పూలు తెల్లవి, మధ్యలో కేసరాల కొనలు ముదురు ఎరుపు. దూరంనుంచి ఆ ఎరుపు విడిగా కనబడదు కానీ తెలుపును కొంచెం బూడిదగా మారుస్తుంది. మొదటి బొమ్మకు ఆపిల్ మంచిది. కొమ్మలు వంకరగా, తల వెడల్పుగా ఉంటుంది, మొగ్గల ఎరుపు, పూల తెలుపు, ఆకుల పచ్చ మూడూ దొరుకుతాయి.

ఇక వేయడం. తెల్ల గెస్సో మీద నేరుగా మొదలుపెట్టకండి. తెల్లటి అడుగు పూత మీద ఏ రంగైనా ముదురుగా కనిపిస్తుంది, దాంతో నీడలు భయపడుతూ వేస్తారు. ఎల్లో ఓకర్‌లో కొంచెం బర్న్ట్ సియెన్నా కలిపి, పలుచగా పూసి గుడ్డతో తుడిచేయండి. 7 టోన్ దగ్గర వెచ్చని అడుగు పూత వస్తుంది. తర్వాత నీలం, ఊదా పూతల మధ్య అది అక్కడక్కడా కనిపిస్తే బొమ్మంతా ఒకే వెలుతురులో ఉన్నట్టుంటుంది.

ఆకాశం: పైన అల్ట్రామెరైన్, తెలుపు. కిందికి వచ్చేకొద్దీ సెరూలియన్, తెలుపు, క్షితిజం దగ్గర కందిగింజంత ఓకర్. మూడు పట్టీలుగా వేసి, తడి ఆరకముందే అడ్డంగా కలపండి. అక్రిలిక్ మొరాయించడం మొదలుపెట్టిందంటే ఆపేయండి. సగం ఆరిన పూతను రుద్దితే కింది పొర లేచి వస్తుంది. పూర్తిగా ఆరనిచ్చి రెండో పూత వేయడమే మందు. చెట్టు వచ్చే చోటును ఖాళీగా వదలకుండా ఆకాశాన్ని అంతటా వేయండి.

దూరపు అడవి వసంతంలో ఆకుపచ్చగా ఉండదు. ఇంకా విచ్చుకోని మొగ్గల వల్ల ఎరుపు కలిసిన ఊదా బూడిదలో, పొగలా కనిపిస్తుంది. అల్ట్రామెరైన్, క్వినాక్రిడోన్ రోజ్, చిటికెడు బర్న్ట్ సియెన్నా, తెలుపు కలిపితే వస్తుంది. మీ వెలుగు పూలకు ఇదే గద్దె, దీన్ని పాలిపోనివ్వకండి.

గడ్డి ప్లాస్టిక్‌లా రావడానికి కారణం ట్యూబులో వచ్చే పచ్చ. లెమన్ ఎల్లో 3 పాళ్లు, అల్ట్రామెరైన్ 1 పాలు కలిపి, అందులో కొంచెం బర్న్ట్ సియెన్నా వేసి పదును తగ్గించండి. మెరుపు తగ్గాలే తప్ప లేతదనం పోకూడదు. ముందువైపు పసుపు ఎక్కువ, దూరం పోయేకొద్దీ నీలం, తెలుపు ఎక్కువ. నీడలో అదే పచ్చకి అల్ట్రామెరైన్, రవ్వంత గులాబీ. గడ్డిపోచలు ఒక్కొక్కటే గీయాల్సిన పనిలేదు, ముందు అంచున పది పన్నెండు చోట్ల చాలు.

ఇప్పుడు మాను, కొమ్మలు. తర్వాత పూలతో కప్పేస్తాం కదా అని ఇక్కడ తొందరపడతారు, చెట్టు చెడేది ఇక్కడే. లియొనార్డో డావించీ గమనించిన సూత్రం ఒకటి చేతికి బాగా పనికొస్తుంది: చీలిన కొమ్మల మందాలన్నీ కలిపితే చీలకముందు మాను మందమంత ఉంటుంది. ఇది అడ్డుకోత వైశాల్యం లెక్క. కాబట్టి 12 మిల్లీమీటర్ల వెడల్పుగా వేసిన మాను రెండు సమాన కొమ్మలుగా చీలితే ఒక్కోటి 8.5 మిల్లీమీటర్లు ఉండాలి, 6 కాదు. మూడుగా చీలితే ఒక్కోటి దాదాపు 7. కొమ్మ సన్నబడేది చీలిన చోటే, మధ్యలో పెద్దగా సన్నబడదు. పిల్లలు వేసే ముల్లంగి ఆకారపు కొమ్మలకూ నిజమైన కొమ్మలకూ తేడా ఇదే. కనీసం రెండు కొమ్మలు మనవైపుకు వచ్చేవిగా వేయండి. పొట్టిగా, మందంగా, మానును దాటుతూ ఉంటాయి. అన్నీ కుడి ఎడమలకే పోతే చెట్టు గోడకి నొక్కినట్టుంటుంది. రంగు గోధుమ కాదు. నీడలో అల్ట్రామెరైన్, బర్న్ట్ సియెన్నా. వెలుగువైపు అందులోనే తెలుపు, ఓకర్ కలిపిన వెచ్చని బూడిద. సన్న రెమ్మలకు రంగును సిరాలా పలుచన చేసి, లైనర్‌ను చివర పట్టుకుని, మొదలునుంచి కొసకి లాగండి. కొసకి వచ్చేసరికి కుంచెను పైకి లేపేయాలి.

పూలు రావలసిన క్రమం ఇది: వెనకవైపు గుత్తుల నీడ, దాని మీద సన్న రెమ్మలు, రెమ్మల మీద ముందువైపు గుత్తులు. అంటే మాను, పెద్ద కొమ్మలు వేశాక సన్న రెమ్మలకన్నా ముందే వెనకవైపు నీడ పూత వేసేయాలి. ఈ పొరలు లేకుండా కొమ్మలన్నీ వేసి పైన పూలు చల్లడం వల్లే లోతు రాదు.

నీడ మిశ్రమానికి ఆరంభ కొలత: తెలుపు 6 పాళ్లు, అల్ట్రామెరైన్ 1, గులాబీ 1, బర్న్ట్ సియెన్నా అర పాలు. తెల్లపూలైతే గులాబీని పావు పాలుకి తగ్గించండి. పాలెట్ మీద ఇది మురికిగా, పూలకు పనికిరానిదిగా కనిపిస్తుంది. భయపడకండి, పక్కన లేత రంగు పడేదాకా దాని విలువ తెలియదు. చెట్టు తలను ఒకే గుండ్రం అనుకోకుండా చిన్నా పెద్దా కలిపి 5 నుంచి 7 గుబుర్లుగా విడగొట్టండి. ఒక్కో గుబురు ఒక ఎగుడుదిగుడు బంతి. వెలుతురు ఎడమ పైనుంచి వస్తే కుడి కింద నీడ, ప్రతి గుబురుకూ అంతే. ఈ నీడ పూతతో గుబుర్ల మొత్తాన్నీ 8 నంబర్ ఫిల్బర్ట్‌తో చిల్లులు వదులుతూ వేయండి. అడుగున గడ్డి వెలుతురు తగిలే చోట ఈ మిశ్రమంలోనే కొంచెం ఓకర్, పచ్చ కలపండి. చెట్టు నేలకు సంబంధించినదిగా మారిపోతుంది. చాలామంది వదిలేసే పని ఇది.

తర్వాత నడిమి రంగు: తెలుపు 10, గులాబీ 1, రవ్వంత ఓకర్. ఇది గుబురులో సగం దాటకూడదు. ఆ తర్వాత వెలుగు: తెలుపు 20, గులాబీ అర పాలు, సూది మొనంత లెమన్ ఎల్లో. ఆ పసుపు ఎందుకంటే టైటానియం వైట్ ఏ రంగునైనా చల్లబరిచి సుద్దలా చేస్తుంది, ఎండ వెచ్చదనం పోతుంది. గులాబీ సుద్దగా వస్తోందని బాధపడేవాళ్లు ఇంకా గులాబీ కలుపుతారు. కావలసింది పసుపు. ఇంకో సంగతి, అక్రిలిక్ ఆరాక ముదురుతుంది. తడిగా ఉన్నప్పుడు పాలలా ఉండే బైండర్ (రంగుపొడిని పట్టి ఉంచే జిగురు) ఆరాక పారదర్శకం అవుతుంది కనుక. మిశ్రమాన్ని ఓ కాగితం ముక్క మీద పూసి ఆరబెట్టి చూసుకోండి, వెలుగు రంగును అర మెట్టు లేతగా కలుపుకోండి.

కుంచె కదలిక: చివర పట్టుకోండి, రంగు ఒక పక్కకే ఎక్కించండి, నొక్కి కొంచెం తిప్పి లేపండి. ఒకే దిక్కుకు మూడు అచ్చులు పడగానే మణికట్టు తిప్పండి. అచ్చుల పరిమాణాలు మూడుండాలి, పెద్దవి తక్కువ, చిన్నవి ఇంకా తక్కువ, నడిమివే ఎక్కువ. చుక్కలన్నీ ఒకే సైజులో, ఒకే దూరంలో పడితే అది చీర మీది బుటా అవుతుంది. రంగు నీళ్లగా ఉంటే అచ్చు జారి చదునవుతుంది. వెలుగు పూతకు నీళ్లు కలపకండి, ట్యూబులోంచి వచ్చినంత చిక్కగా వాడండి.

ఇప్పుడు కొన్ని రెమ్మలను గుబుర్ల మీదుగా మళ్లీ గీయండి, ముక్కలు ముక్కలుగా. కనిపించి, పూల వెనక మాయమై, మళ్లీ బయటపడాలి. వాటిమీద అక్కడక్కడా వెలుగు గుత్తులు వేసి రెమ్మను దాచండి. గుబుర్ల మధ్య చిల్లుల్లో ఆకాశం కావాలంటే అసలు ఆకాశం రంగుకన్నా ఒక మెట్టు ముదురు నీలం వాడండి. చుట్టూ కొమ్మలున్న చిన్న సందులోంచి కనిపించే ఆకాశం కంటికి మసకగానే ఉంటుంది. ఆకాశం రంగే వేస్తే చిల్లు ముందుకు దూకుతుంది. చిల్లులు అంచుల దగ్గర ఎక్కువగా, నడుమ తక్కువగా, ఏ రెండూ ఒకే ఆకారంలో లేకుండా.

విడి పూలు, అంటే ఐదు రేకులు లెక్కపెట్టగలిగేవి, మొత్తం బొమ్మలో పది పన్నెండు దాటవద్దు. అవి కూడా చూపు ఆగాలనుకున్న ఒక్క కొమ్మ దగ్గరే. మనవైపు తిరిగిన పువ్వు గుండ్రం, పక్కకు తిరిగినది కోడిగుడ్డు ఆకారం, వెనక్కి తిరిగినదానికి రేకుల వీపు, తొడిమ కనిపిస్తాయి. పదీ మనల్నే చూస్తుంటే స్టిక్కర్లు అంటించినట్టుంటుంది. నడిమి బొట్టు పసుపుపచ్చ. ఆపిల్ అయితే పక్కన రెండు మూడు ముదురు గులాబీ మొగ్గలు, బూడిద కలిసిన లేతపచ్చ ఆకులు. ఈ ఆకులు వేశాక గులాబీ ఒక్కసారిగా బతుకుతుంది, పచ్చ దానికి ఎదురు రంగు కదా.

నేల మీద చెట్టు నీడ నల్లటి మచ్చగా ఉండకూడదు. ఆకులు ఇంకా నిండుగా రాలేదు కాబట్టి జల్లెడలా ఉంటుంది, మధ్యలో ఎండ చుక్కలు అడ్డంగా సాగిన గుండ్రాలుగా పడతాయి. రాలిన రేకులూ అంతే: దగ్గర్లో విడివిడిగా, చదును చుక్కలుగా, దూరంలో కలిసిపోయి సన్నని లేత గీతగా. నీడలో పడిన రేకులకు నీడ మిశ్రమమే, తెలుపు కాదు. తెలుపు వేస్తే మొత్తం నీడ చిరిగిపోతుంది.

చెట్టు అప్పటికీ చదునుగా కనిపిస్తే ఫోన్‌తో ఫొటో తీసి నలుపు తెలుపులోకి మార్చి చూడండి. గుబుర్లలో వెలుగు, నీడ రెండూ ఒకే బూడిదగా కనిపిస్తే లోపం టోన్‌లో ఉంది, రంగులో కాదు. అప్పుడు పైన మళ్లీ తెలుపు పెట్టకండి. గ్లేజింగ్ మీడియంలో (రంగును పలుచగా, పారదర్శకంగా చేసే ద్రవం) రవ్వంత అల్ట్రామెరైన్, గులాబీ కలిపి నీడవైపు మీద పలుచగా పూయండి. ఒక్క పూతతో గుబురు వెనక్కి తిరుగుతుంది. ఆరాక చాలకపోతే రెండోది.

నీటిరంగుల్లో వేయాలన్నా నీడ లెక్క ఇదే, క్రమం మాత్రం తిరగబడుతుంది. తెలుపు కాగితానిదే కనుక పూల చోటు వదిలి, వెనక ముదురు రంగును దాని చుట్టూ వేయాలి. మాస్కింగ్ ఫ్లూయిడ్ (తెల్లగా వదలాల్సిన చోట రంగు అంటకుండా పూసే ద్రవం) వాడితే కుంచెను ముందు సబ్బులో ముంచండి, లేకపోతే వెంట్రుకలు అతుక్కుని పాడవుతాయి. హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టకండి, వేడికి అది కాగితానికి పట్టేస్తుంది. ఒకటి రెండు రోజుల్లో తీసేయండి. తీశాక మిగిలే గట్టి అంచుల్లో సగాన్ని తడి కుంచెతో మెత్తబరచాలి.

పెద్ద కాన్వాస్‌కి ముందు 6 × 8 అంగుళాల ముక్కల మీద మూడు అభ్యాసాలు చేయండి: తెలుపు, ముదురు రంగు రెండే కలుపుకుంటూ మొత్తం బొమ్మ బూడిదలో ఒకటి, పూలు లేని ఉత్త కొమ్మలతో ఒకటి, నాలుగే మిశ్రమాలతో ఒక్క గుబురు ఒకటి. ఒక్కోదానికి గంట చాలు. రెండోది మానేద్దామనిపిస్తుంది, మానకండి. అది వచ్చాక పెద్ద బొమ్మలో ఏ కొమ్మను పూల వెనక దాచాలో మీకే తెలుస్తుంది. ఈ మూడూ వేశాక ఫొటోలు పెడితే ఏ పొర ఎక్కడ తప్పిందో చూసి చెబుతాను. పగటి వెలుతురులో తీయండి, పసుపు బల్బు కింద తీసిన ఫొటోలో ఊదా నీడలన్నీ గోధుమగా కనిపిస్తాయి.